తప్పు చూపే మీటరు

2003 జూన్ 12, గురువారం

మిక్సర్ మీద శబ్దం ఎంతుందో చూపే సూది మీటర్లు రెండూ పోయాయి. ఎడమది ఎండాకాలంలోనే పోయింది. కుడిది ఇవాళ సున్నా దగ్గర పడుకుని లేవనంటోంది. వేలితో తట్టాను. ఇంకాస్త గట్టిగా తట్టాను. అద్దం పగిలింది.

సరిగ్గా విశ్వాసం మాష్టారు వచ్చిన రోజే ఇలా జరగాలి. కొల్లేటి లంకలో వాళ్ళ చర్చికి నూరేళ్ళు నిండుతున్నాయట. సెప్టెంబరులో పండుగ. ఆ రోజుకి క్వయర్ పాటలు క్యాసెట్టుగా తేవాలని ఆయన కోరిక. "ఏలూరులో మీ రికార్డింగు గది ఉండగా బెజవాడ దాకా పోవడం దేనికండీ, రూబెన్ గారూ" అన్నారు. చాలాకాలం తర్వాత మంచి పని వచ్చింది. అందరూ కంప్యూటర్లు పెట్టుకున్నారు, నాది ఇంకా టేపే. అయినా నన్ను వెతుక్కుంటూ వచ్చారు.

ఆయనతో ఒక్కటే ఇబ్బంది. సగం మాట నోట్లోనే ఉంచుకుంటారు. ప్రతిదీ రెండుసార్లు అడగాల్సి వచ్చింది.

జూన్ 15

తాడేపల్లిగూడెం వెళ్ళి మూర్తిని కలిశాను. పాలిటెక్నిక్‌లో ఒకే బెంచీ మీద కూర్చున్నప్పటి నుంచీ వాడికి తుక్కు పిచ్చి. ఎక్కడో ఫ్యాక్టరీలో పీకేసిన కంట్రోల్ ప్యానెల్ లోంచి రెండు నియాన్ ట్యూబులు తీసి దాచాడు. రష్యావాళ్ళవి. పెన్సిలంత లావు, జానెడు పొడవు. కరెంటు ఎంత ఇస్తే లోపల ఎర్రటి వెలుగు అంత ఎత్తు పాకుతుంది, థర్మామీటరులో పాదరసంలా.

"సూదికి బరువుంటుంది, వెనకబడుతుంది. దీనికి బరువు లేదు. గొంతు లేచిన క్షణంలోనే ఇదీ లేస్తుంది" అన్నాడు మూర్తి. "ఎడమకొకటి, కుడికొకటి. నీ సొంత లెవెల్ మీటరు. ఆంధ్రాలో ఎవడి దగ్గరా ఉండదు."

పేపర్లో చుట్టి, రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను.

జూన్ 21

వారం రోజుల చాకిరీ. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించాను, గుయ్యిమంటోంది. నూట నలభై వోల్టులు కావాలంటే నూట పది దగ్గర ఆగిపోతోంది. మళ్ళీ చుట్టించాను. ఈసారి కెపాసిటర్ పేలి గదంతా కంపు. తీగ తగిలి మోచేతి దాకా జివ్వుమంది. ఇన్ని చేసి స్విచ్ వేస్తే ఎడమ ట్యూబు అడుగు నుంచి వెలగకుండా నడుమ నుంచి వెలుగుతోంది. కాళ్ళు లేని మనిషిలా ఉంది.

మూర్తికి ఫోన్ చేస్తే, పాత ట్యూబులు మొండికేస్తాయి, పగలంతా నిండు కరెంటులో వదిలెయ్, దారికి వస్తాయన్నాడు. వాడి ఫోను కూడా పాడైనట్టుంది, మాటలు ముద్ద ముద్దగా వస్తున్నాయి.

జూన్ 23

మళ్ళీ నడుమ నుంచే.

జూన్ 24

ఈ ఏడు ఏలూరులో దోమలు లేవు. ఒక్కటి కూడా చెవి దగ్గర మోగలేదు. చేతులు మాత్రం దద్దుర్లు. వేడి చేసి ఉంటుంది.

జూన్ 28

వెలిగాయి. రెండూ అడుగు నుంచి. రేడియో పెడితే వార్తలు చదివే ఆమె గొంతుకి ఎగిరెగిరి పడ్డాయి. కిటికీ తలుపులు వేసి చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

ఆ సంతోషం కాస్తా కుక్కరు పాడుచేసింది. మా ఆవిడ పెర్సిస్ పాఠాలు చెప్పడానికి స్కూలుకి వెళ్తూ మూడు కూతలు రాగానే స్టవ్ ఆపమంది. కూత రాలేదు. వెయిట్ సరిగా పెట్టలేదు ఆవిడ. పప్పు బొగ్గయింది. వచ్చాక చెబితే నాతో వాదించలేదు. గిన్నె తోముకుంటూ నా వంక ఒకసారి చూసింది, అంతే. ఈ మధ్య అసలు మాటలే తగ్గించేసింది.

జూలై 5, శనివారం

క్వయర్ వచ్చింది. ఇవాళ జరిగినదంతా రాయాలంటే చిరాకేస్తోంది.

మొదటి పాటలో అసలు పాడేది క్యాథరిన్ అనే అమ్మాయి. రొయ్యల షెడ్డులో పని చేస్తుంది. చాలా గొప్పగా పాడుతుందని మాష్టారు ముందే చెప్పారు. హెడ్‌ఫోన్స్‌లో వింటే దుప్పటి కప్పుకుని పాడినట్టుంది. మాటల కొసలు లేవు. స, ష, చ ఒక్కటీ తెగడం లేదు. గొంతుకి పదునిచ్చే ట్రెబుల్ పెంచాను. ఇంకా పెంచాను. అప్పటికి కాస్త ప్రాణం వచ్చింది. కానీ ట్యూబులు రెండూ కొసదాకా ఎర్రగా నిలబడిపోయాయి, పొంగిపోతోంది తగ్గించు అన్నట్టు.

చెవికి చాలడం లేదు, మీటరుకి ఎక్కువైపోతోంది. ఎవరి మాట వినాలి? ఇన్నేళ్ళుగా నాకు అన్నం పెట్టింది చెవి. జేబురుమాలు తీసి ట్యూబుల మీద కప్పేశాను.

"అమ్మా, నీ గొంతులో పదును లేదు. మాట నొక్కి పాడాలి" అన్నాను. మళ్ళీ పాడింది. "ఇంకా." మళ్ళీ. ఎన్నిసార్లు పాడించానో నాకే తెలియదు. చివరికి గొంతు బొంగురుపోయి ఆగిపోయింది. తల వంచుకుని ఏదో అంది.

"ఏంటమ్మా? అదే చెబుతున్నాను, నోరు తెరిచి మాట్లాడు."

కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. మాష్టారు వచ్చి, "అమ్మాయికి మధ్యాహ్నం డ్యూటీ ఉందండీ, మిగతావి మేం పాడతాం" అన్నారు. ఈ కాలం పిల్లలకి ఒక్క మాట అంటే ఓర్చుకునే శక్తి లేదు.

జూలై 9

క్యాసెట్టు విని మాష్టారు ఫోన్ చేశారు. ఫోనులో గరగర. పెర్సిస్‌కిచ్చి మాట్లాడమన్నాను.

"ఏమన్నారు?"

"బాగుందన్నారండీ."

"ఇంతసేపు మాట్లాడి బాగుందని ఒక్క ముక్కేనా?"

"కొంచెం పదునుగా ఉందేమో అన్నారండీ. కొంచెమే."

మన ప్రాంతం మర్యాద ఇది. వండింది విషమైనా 'కొంచెం ఉప్పు పడిందేమోనండీ' అంటారు. బాగుందో లేదో తిన్నగా చెప్పే మనిషి ఒక్కడూ లేడు ఈ జిల్లాలో.

జూలై 12

మీటరు తప్పు. తేలిపోయింది. లోపలి రెసిస్టర్లు మార్చి, నా చెవికి సరిగ్గా ఉన్నప్పుడు వెలుగు ముప్పాతిక దగ్గర ఆగేలా కుదిర్చాను. ఇప్పుడు మీటరు, నేను ఒకే మాట మీద ఉన్నాం. పాటలన్నీ నా చెవికి సరిపోయేలా మళ్ళీ కొత్త టేపు మీదకి ఎక్కించి పంపాను.

జూలై 20

ఆదివారం ఆరాధన తర్వాత ఆ కొత్త క్యాసెట్టు చర్చిలో పెట్టారట. స్పీకరు పెట్టెలో సన్న శబ్దాలు పలికే ట్వీటరు కాలిపోయిందట. ముందు వరుసలో పసిపిల్లలు గుక్కపట్టి ఏడ్చారట. ఇదంతా మాష్టారు చెప్పలేదు. లంక నుంచి చేపలు తెచ్చే మనిషి బజారులో నవ్వుతూ చెప్పాడు.

నాసిరకం ట్వీటరు అయ్యుంటుంది.

మూర్తి నాకు చచ్చిన ట్యూబులు అంటగట్టాడు. స్నేహితుడని నమ్మి మోసపోయాను.

జూలై 26, శనివారం

మీటరు పట్టుకుని గూడెం వెళ్ళి వచ్చాను. పని కాలేదు. రైలు భీమడోలులో చాలాసేపు ఆగింది.

జూలై 27

చర్చికి వెళ్ళలేదు.

జూలై 30

శనివారం సంగతి రాయకుండా తప్పించుకు తిరుగుతున్నాను. రాసేస్తాను.

మూర్తి కొట్టు అంటే వాళ్ళింటి ముందు గదే. వెళ్ళగానే మీటరు బల్ల మీద పెట్టి, "నువ్విచ్చిన ట్యూబులు నా పరువు తీశాయి" అన్నాను. మూర్తి మూత విప్పాడు.

"ఈ రెసిస్టర్లు నేను చెప్పినవి కాదే. ఎందుకు మార్చావు?"

"తప్పు చూపిస్తుంటే మార్చనా?"

వాడు నావి తీసేసి పాతవి పెట్టాడు. టోన్ జనరేటరు తెచ్చి ఒక తీగ మీటరుకి, ఒకటి స్పీకరుకి కలిపాడు. అది ఒకే బలంతో కూత పెడుతుంది. నాబ్ తిప్పుతుంటే కూత లావు నుంచి సన్నానికి పోతుంది. బలం మారదు కాబట్టి మీటరు మంచిదైతే వెలుగూ మారకూడదు.

మొదలుపెట్టాడు. బొంగురు కూత వచ్చింది. వెలుగు సగం పైకి పాకి నిలబడింది. మూర్తి నాబ్ తిప్పుతున్నాడు. కూత సన్నబడింది, ఈలలా అయింది, ఇంకా సన్నబడింది, ఆగిపోయింది. వెలుగు మాత్రం అలాగే నిలబడి ఉంది.

నేను లేచాను. "చూశావా? శబ్దం లేదు, వెలుగుంది. నేను మొత్తుకునేది ఇదే."

మూర్తి నా మొహంలోకి చూశాడు. వాడి చెయ్యి నాబ్ మీదే ఉంది. ఏదో అనబోయాడు. ఈలోగా లోపలి తలుపు తోసుకుని వాడి భార్య కాంతం చెల్లెమ్మ వచ్చింది. రెండు చేతులతో చెవులు మూసుకుని ఉంది.

"ఏవండీ, ఆ కీచు ఆపండి. తల పగిలిపోతోంది" అని అరిచింది. "పాపం అన్నయ్యగారు అంత దగ్గర ఎలా కూర్చున్నారో."

మూర్తి స్విచ్ ఆపాడు. వెలుగు పడిపోయింది. నాకు గదిలో ఏ తేడా తెలియలేదు. కాంతం చెవుల మీంచి చేతులు తీసింది. దాన్నిబట్టి ఆగిందని తెలుసుకున్నాను.

"మళ్ళీ పెట్టు" అన్నాను.

"వద్దులే రూబెన్."

"పెట్టరా."

పెట్టాడు. స్పీకరు గుడ్డకి చెవి ఆనించాను. ఏమీ లేదు. వేళ్ళు ఆనిస్తే సన్నగా వణుకు తెలిసింది. కాంతం ఇంక అక్కడ నిలబడలేక కాఫీ పెడతానని లోపలికి వెళ్ళిపోయింది. మూర్తి మీటరు మూత బిగించాడు. ఒక్కో మరా అవసరమైనదానికంటే ఎక్కువసేపు బిగించాడు.

"నీ మీద నానా మాటలు అన్నాను" అన్నాను.

"అన్నావు. నీ మీటరు మాత్రం బ్రహ్మాండంగా కుదిరింది. నేను చేసినా ఇంత బాగా రాదు" అన్నాడు.

ఆ మెచ్చుకోలు కంటే రెండు తిట్లు తిట్టినా బాగుండేది.

ఆగస్టు 1

పెర్సిస్‌కి చెప్పాను. కూర తరుగుతోంది. కత్తిపీట ఆగలేదు. అప్పుడే అర్థమైంది, ఆవిడకిది కొత్త సంగతి కాదు.

"ఎప్పటి నుంచి తెలుసు?"

"క్రిస్మస్ ముందు నుంచండీ."

"మరి చెప్పలేదేం?"

"చెప్పానండీ. రెండుసార్లు చెప్పాను. మీకు వినబడలేదు. గట్టిగా చెబుదామనుకున్నాను, కానీ అరిచి చెప్పే మాట కాదు కదండీ ఇది."

ఒళ్ళు మండింది. అరవాల్సింది. పక్కింటివాళ్ళు వింటే వింటారు. కాలు విరిగితే దాచుకుంటామా? ఇంటికొచ్చిన వాళ్ళందరూ, ఫోన్లు చేసిన వాళ్ళందరూ, నా గదిలో పాడి వెళ్ళిన వాళ్ళందరూ తెలిసీ తెలియనట్టు 'బాగుందండీ' అనుకుంటూ వెళ్ళారన్నమాట. అదే అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఆవిడ విని, చివర్లో ఒక మాట అంది. అది కూడా నాకు అందలేదు. మళ్ళీ అడగబుద్ధి కాలేదు.

ఆగస్టు 2

అడిగాను. "మీరు రికార్డింగు ఆపేస్తే ఏమైపోతారోనని భయపడ్డానండీ" అందట నిన్న.

ఆగస్టు 6

చెవుల డాక్టరు. అద్దాల గదిలో కూర్చోబెట్టి, వినబడితే వేలెత్తమన్నారు. అవతల నర్సు నా వంక జాలిగా చూడటం బట్టి వేలెత్తాల్సిన చోట ఎత్తలేదని తెలిసింది. నరాల్లో అరుగుదల. ఇన్నేళ్ళు హెడ్‌ఫోన్స్‌లో గట్టిగా విన్నందుకు అయ్యుండొచ్చు, వంశంలో ఉన్నా రావచ్చు అన్నాడు. లావు శబ్దాలు ఉంటాయి, సన్నవి పోతాయి. పోయినవి రావు. మెషీను పెట్టుకుంటే మాటలు నయం. పాటల సంగతి ఏమిటని అడిగాను. కాగితం మీద ఏదో రాసుకుంటూ ఉండిపోయాడు.

ఆగస్టు 8

గది తాళం తీయలేదు. మాష్టారికి బెజవాడలో ఎవరినైనా చూసుకోమని చెప్పేస్తాను. ఫోనులో కాదు, వెళ్ళి చెబుతాను.

ఆగస్టు 10, ఆదివారం

పెర్సిస్, నేను లంకకి వెళ్ళాం. బస్సు దిగి ఆటోలో చేపల చెరువు గట్ల మీదుగా, వానకి దారంతా బురద. ఆరాధన అయ్యాక అందరూ ఉండగానే మాష్టారి దగ్గరికి వెళ్ళాను. నాకు సన్న శబ్దాలు వినబడవని, అందుకే పాటలు అలా చెడ్డాయని, వేరేవాళ్ళ చేత చేయించుకోండని చెప్పాను. ఆయన పంచె చెంగు సర్దుకుంటూ, "అంత పెద్ద మాటెందుకండీ" అన్నారు. ఆ మాట నేను ఆయన పెదాల మీద చదివాను.

క్యాథరిన్ వెనక ఆడవాళ్ళ వరుసలో ఉంది. నా దగ్గరికి వచ్చి ఏదో అడిగింది. అందలేదు. మళ్ళీ అడిగింది. సిగ్గుతో ఆ అమ్మాయి గొంతు ఇంకా తగ్గిపోయింది. చివరికి మాష్టారు మధ్యలో నిలబడి గట్టిగా చెప్పారు. చర్చి అంతా వినబడింది.

"అయితే నా గొంతులో లోపం లేదంటారా అని అడుగుతోందండీ."

"లేదమ్మా. ఏ లోపమూ లేదు."

ఆ అమ్మాయి ఇంకో మాట అంది. మాష్టారు దాన్నీ గట్టిగా చెప్పడం మొదలుపెట్టి, సగంలో ఆగి, చెప్పాలా అన్నట్టు నా వంక చూశారు. చెప్పమన్నాను.

"ఆ రోజు నుంచి పాడలేదంటోందండీ. షెడ్డులో పని చేసుకుంటూ కూడా పాడలేదట. వాళ్ళ అత్తగారు ఒంట్లో బాగోలేదేమో అనుకున్నారట."

ఇప్పుడు రాస్తుంటే కూడా చెవులు వేడెక్కుతున్నాయి. నేను కోల్పోయింది వయసుతో పోయేది, ఎలాగూ పోయేది. ఆ అమ్మాయి దగ్గర్నుంచి నేను తీసుకున్నది వేరు.

వచ్చేస్తుంటే పెర్సిస్ ఆటో ఆపించింది. వెనక్కి నడిచి మాష్టారితో మాట్లాడి వచ్చింది.

"ఏం చెప్పావు?"

"పాటలు మళ్ళీ మీరే తీస్తారని చెప్పానండీ" అంది, నా చెవి దగ్గర నోరు పెట్టి, ఆటోవాడు తిరిగి చూసేంత గట్టిగా.

ఆగస్టు 16

వారమంతా పెర్సిస్‌కి మిక్సర్ నేర్పుతున్నాను. నా హెడ్‌ఫోన్స్ ఆవిడ తల మీద చూస్తే నా చొక్కా ఎవరో తొడుక్కున్నట్టుంది. స ఎక్కువైతే ఎలా కోస్తుందో మాటల్లో చెప్పాలి, నాకు గుర్తున్నంత వరకే చెప్పగలను. తను భయపడుతోంది. తప్పనిపించినా తప్పని అనదు.

"బాగుందాండీ?"

"నన్నడుగుతావేంటి? నువ్వు చెప్పాలి."

"కొంచెం..."

"కొంచెం అనకు. ఆ మాట ఈ ఇంట్లో ఇంక వినబడకూడదు."

హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టి, "చెవులు కోసుకుపోతున్నాయి. తగ్గించండి" అంది. తగ్గించాను. చాలా తగ్గించాల్సి వచ్చింది. నాకు మిగిలింది ముద్ద. ఆవిడ మొహం మాత్రం తేటపడింది.

ఆగస్టు 19

మళ్ళీ పోట్లాడుకున్నాం. తప్పు నాదే. ట్రెబుల్ నాబ్ మీదకి నా చెయ్యి దానంతటదే పోతోంది.

ఆగస్టు 23, శనివారం

క్వయర్‌ని ఏలూరు రప్పించలేదు. మేమే సామాను వేసుకుని లంకకి వెళ్ళాం. చర్చిలో బల్ల వేసి, మీటరు నా ఎదురుగా, హెడ్‌ఫోన్స్ పెర్సిస్‌కి. సైగలు ఒప్పందం చేసుకున్నాం. అరచెయ్యి కిందికి దించితే తగ్గించమని. వేలెత్తితే ఆపమని.

మొదట ఆవిడే ఆపింది. ఎవరూ పాడటం లేదు, అయినా ట్యూబుల అడుగున వెలుగు చిన్న చిన్నగా ఎగురుతోంది. మీటరు మళ్ళీ పాడైందని నోటిదాకా వచ్చింది. పెర్సిస్ పైకి చూపించింది. దూలం మీద పిచ్చుకల గూడు. కుర్రాళ్ళు కర్రలు తెస్తామంటే మాష్టారు వద్దన్నారు. అవే సర్దుకునేదాకా అందరం కూర్చున్నాం. సర్దుకున్నాయని నేను వెలుగు చూసి చెప్పాను.

బృందం పాటలు అయ్యాక క్యాథరిన్ మైకు ముందుకి వచ్చింది. నా వంక చూసింది. పాడమన్నట్టు చెయ్యి ఊపాను.

పాడుతోంది. నాకు వినబడింది ఎంతని రాయను? గోడ అవతల ఎవరో పాడుతున్నట్టు, మాటలు లేకుండా, ఎత్తుపల్లాలు మాత్రం. ఎర్రటి వెలుగు పాకి, ఇంత దాటకూడదని నేను గీత గీసిన చోటికి కాస్త కింద ఆగింది. మెల్లగా దిగింది. మళ్ళీ లేచింది. ఒకచోట రెండు ట్యూబులూ సగం దాకా వచ్చి చాలాసేపు కదలకుండా నిలబడ్డాయి. ఒక్క స్వరాన్ని అంతసేపు వణక్కుండా పట్టిందన్నమాట. నా చెవికి అక్కడ ఏమీ లేదు. నాబ్ మీదకి చెయ్యి పోబోయింది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

పెర్సిస్ అరచెయ్యి కిందికీ పోలేదు, వేలూ ఎత్తలేదు. బల్ల అంచు పట్టుకుని కళ్ళు మూసుకుంది. వెనక బెంచీలో క్యాథరిన్ అత్తగారు పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వెలుగు అడుగుకి దిగి ఆరింది. టేపు తిరుగుతూనే ఉంది, ఆపాలని కూడా నాకు తోచలేదు.

పెర్సిస్ హెడ్‌ఫోన్స్ తీసి నా వంక తిరిగి, పెదాలు స్పష్టంగా కదుపుతూ ఒకే మాట చెప్పింది.

పాట బాగా వచ్చిందట.